స్వామి అండ్ ఫ్రెండ్స్: 14వ అధ్యాయం దగ్గర ఆగి చదవాల్సిన నవల

ఆర్.కె. నారాయణ్ తొలి నవల పేరు ఎత్తగానే చాలామందికి పుస్తకం కంటే ముందు దూరదర్శన్ గుర్తొస్తుంది. 1986-87లో వచ్చిన ‘మాల్గుడి డేస్’ సీరియల్, శంకర్ నాగ్ దర్శకత్వం, ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు, స్వామి వేషంలో మాస్టర్ మంజునాథ్. ఆ ముద్ర ఎంత గట్టిదంటే పుస్తకం తెరిచినా కళ్ల ముందు ఆ పిల్లాడే తిరుగుతాడు. సీరియల్ గొప్పదే. కాకపోతే దాన్ని మనసులో పెట్టుకుని చదివితే ఇది అల్లరి పిల్లల కథలా తోచి, నవ్వుకుంటూ గబగబా దాటేస్తాం. ఈ నవలలో నవ్వు పైకి కనిపించేది, లోపలున్నది భయం. బెత్తం భయం, నాన్న భయం, వాటన్నిటినీ మించి స్నేహితుడి దగ్గర మాట పోతుందన్న భయం. ఆ మూడోదే పుస్తకాన్ని చివరిదాకా లాక్కెళ్తుంది.

మొత్తం 19 చిన్న అధ్యాయాలు. ఇంగ్లీషు చాలా తేలిక, వాక్యాలు పొట్టివి. ఇంగ్లీషులో నవలలు చదవడం ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు ఇంతకంటే మంచి పుస్తకం చూపించడం కష్టం. రోజుకు రెండు అధ్యాయాలు పెట్టుకుంటే పది రోజుల్లో అయిపోతుంది. నిఘంటువు పెద్దగా అక్కర్లేదు గానీ పాత డబ్బు లెక్క మాత్రం తెలిసుండాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఇది తెలియకపోతే నాన్న స్వామి చేత చేయించే మామిడిపళ్ల లెక్కలో సగం రుచి పోతుంది. పది పళ్లకు పదిహేను అణాలు రావాలనుకుంటే నాలుగు పళ్లకు ఎంత? జవాబు ఆరు అణాలు. స్వామి బుర్ర మాత్రం లెక్క వదిలేసి ఆ పళ్లు పండాయా లేదా అన్న దగ్గర ఆగిపోతుంది. పెద్దలకు అంకెలు కనిపించే చోట పిల్లవాడికి పళ్లు కనిపిస్తాయి. నారాయణ్ దీన్ని ఎక్కడా విడమరచి చెప్పడు, ఆ సన్నివేశం జరగనిచ్చి పక్కకు తప్పుకుంటాడు.

మాల్గుడిని పటంలో వెతకొద్దు, అది కల్పిత ఊరు. ఈ నవల రాయడానికి 1930లో కూర్చున్నప్పుడు ఆయనకు ముందుగా తోచింది ఓ చిన్న రైల్వే స్టేషన్, ఆ తర్వాతే ఊరు. కథ ముగిసేదీ రైల్వే స్టేషన్లోనే. రాతప్రతిని లండన్ ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మిత్రుడు పూర్ణ దాన్ని ఇంగ్లీషు నవలాకారుడు గ్రహామ్ గ్రీన్‌కు చూపించడం, ఆయన సిఫారసుతో 1935లో హామిష్ హామిల్టన్ అచ్చువేయడం తర్వాతి సంగతులు. నారాయణ్ మొదట పెట్టిన పేరు ‘స్వామి, ద టేట్’. టేట్ అంటే ఆ రోజుల్లో పేరుమోసిన ఇంగ్లండ్ బౌలర్ మారిస్ టేట్. నవలలో క్రికెట్ జట్టు కుర్రాళ్లు స్వామికి పెట్టిన ముద్దుపేరు అది. పాత పేరు తెలిసి చదివితే చివరి మూడోవంతు ఎందుకంత బరువో అర్థమవుతుంది. స్వామి జీవితంలో తనంతట తాను సంపాదించుకున్న గౌరవం అదొక్కటే, దాన్నే పోగొట్టుకుంటాడు.

మొదటి సగంలో జాగ్రత్తగా గమనించాల్సింది రాజం రాక. పోలీసు సూపరింటెండెంటు కొడుకు, దొరలా ఇంగ్లీషు మాట్లాడతాడు. అతను వచ్చాక స్వామి పాత జట్టంతా చెదిరిపోతుంది. సోము, శంకర్, బఠాణీగింజంత ఉంటాడని పేరుపడ్డ శామ్యూల్ దూరమై, స్వామిని రాజం ‘తోక’ అని వెక్కిరిస్తారు. ఒక్క మణి మాత్రం ఇద్దరికీ దగ్గరగా మిగులుతాడు. ఇక్కడ నారాయణ్ చూపు చాలా పదునైనది. పిల్లల స్నేహంలో కూడా హోదా పనిచేస్తుందని, దాన్ని పిల్లలు పెద్దల కంటే త్వరగా పసిగడతారని చూపిస్తాడు. బండి తోలుకుపోతున్న పల్లెటూరి కుర్రాణ్ని ముగ్గురూ కలిసి రోడ్డు మీద ఆపి పోలీసుల్లా దబాయించే ఘట్టం ఉంది. అది చిలిపితనంలా కనిపిస్తుంది. రెండోసారి చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

12వ అధ్యాయం మరో రకం. 1930 ఆగస్టు 15న సరయూ నది ఒడ్డున నిరసన సభ జరుగుతుంది. ఆ తేదీ స్వాతంత్ర్య దినంగా మారింది పదిహేడేళ్ల తర్వాత గనుక కేవలం యాదృచ్ఛికమే, చదువుతుంటే మాత్రం మనసు ఓ క్షణం ఆగుతుంది. స్వామి ఆవేశంలో విదేశీ గుడ్డ అనుకుని తన టోపీని మంటల్లో వేస్తాడు. తీరా ఇంటికొచ్చాక తెలిసేది అది ఖద్దరు టోపీ అని. మర్నాడు హెడ్మాస్టరు ముందు తిరగబడి ఆల్బర్ట్ మిషన్ స్కూలు వదిలి, బోర్డు హైస్కూల్లో చేరతాడు. నవలలో నాకు లోపంగా తోచేదీ ఇక్కడే. ఇంత బలంగా రేగిన ఉద్యమం తర్వాతి పేజీల్లో పొగలా చెదిరిపోతుంది. పిల్లవాడి మనసు అంతే కదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఊరు కూడా మరిచిపోయినట్టు ఉండటం కుదరదు. ఆడవాళ్ల పాత్రలూ పలచనే. అమ్మ దాదాపు నీడలా మిగులుతుంది, కొత్తగా పుట్టిన తమ్ముడు వచ్చిన కాసేపటికే కథలోంచి జారిపోతాడు.

ఒక్క బామ్మ మాత్రం పూర్తి మనిషి. అందుకే 14వ అధ్యాయం దగ్గర ఆగమంటున్నాను. టేట్ ఎవరో తెలియదన్నందుకు స్వామి ఆమె మీద విసుక్కుంటాడు. కడుపునొప్పిగా ఉంది, ఓ నిమ్మకాయ తెచ్చిపెట్టమని ఆమె అడుగుతుంది. ఆటకు వేళైందని పరుగెత్తుకుపోతాడు. తర్వాత ఆ నిమ్మకాయ గుర్తొచ్చి కుమిలిపోతాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అంతవరకూ అతని తప్పులన్నీ బయటి బెత్తంతోనే తేలాయి. మొదటిసారి లోపలి నుంచి దెబ్బ తగిలింది. ఎదగడం అనే మాటకు ఈ నవలలో అర్థం వెతికితే నాకు దొరికేది ఈ చిన్న అధ్యాయమే.

ఆ తర్వాత ముడి బిగిసే తీరు చూడండి. బోర్డు స్కూల్లో సాయంత్రం డ్రిల్లు, అదే వేళకు క్రికెట్ సాధన. డ్రిల్లు తప్పించుకోవడానికి స్వామి డాక్టర్ కేశవన్‌ను సర్టిఫికెట్ అడుగుతాడు. ఆయన కాగితం ఇవ్వడు, హెడ్మాస్టరుతో తాను మాట్లాడతానని మాట ఇచ్చి పంపేస్తాడు. మాట్లాడడు. ఆ నమ్మకంతో స్వామి డ్రిల్లు మానేయడం, దొరికిపోవడం, పారిపోవడం, మెంపి అడవి దారిలో తప్పిపోవడం, చివరకు మ్యాచ్ రోజున మైదానంలో లేకపోవడం... అన్నిటికీ మొదలు పెద్దమనిషి తేలిగ్గా ఆడిన ఓ అబద్ధం. అతన్ని కాపాడిన అటవీ అధికారి బంగళాలో స్వామి రోజు లెక్క తప్పుతాడు. మ్యాచ్ రేపు అనుకుంటాడు, కానీ అది ఆరోజే. మొదటిసారి చదివేటప్పుడు ఈ అధ్యాయాలకు ముందే అట్టమీది సారాంశం చదవకండి.

చివరి అధ్యాయంలో రాజం తండ్రికి బదిలీ అవుతుంది. స్టేషన్‌కు స్వామి ఓ పుస్తకం కానుకగా తీసుకెళ్తాడు. అతను చూపిన ప్రేమకు సమానమైన జవాబు వచ్చిందా లేదా అన్నది నారాయణ్ తేల్చడు, మణి ముఖం చదవలేనిదైపోయిందని చెప్పి వదిలేస్తాడు. ఇక్కడ స్వామి క్షమాపణ పొందాడని గానీ, అవమానపడ్డాడని గానీ ముందే నిర్ణయించుకుని చదివితే ఆ ముగింపు పలకదు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. పిల్లల కోసం కుదించిన ప్రతులు, పాఠ్యపుస్తకాల్లో విడిగా వేసిన భాగాలు దొరుకుతుంటాయి. వాటిలో సాధారణంగా ఉండేవి తరగతి గది ఘట్టాలూ క్రికెట్టూ. విషయసూచికలో 19 అధ్యాయాలున్నాయో లేదో లెక్కపెట్టి, బామ్మ నిమ్మకాయ అడిగే అధ్యాయం ఉందని చూసుకుని కొనండి.