ఉప్పునీటి తొట్టెకు హైడ్రోమీటరా, రిఫ్రాక్టోమీటరా?

పగడాలున్న తొట్టెకు ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, అంటే 35 పీపీటీ ఉండాలి. దాన్ని కొలిచే పరికరాలే ఈ రెండూ.

ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవక. కానీ ముల్లుకు చిన్న గాలిబుడగ అంటుకున్నా అది పైకి లేచి, ఉప్పు ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అది నమ్మి మంచినీళ్లు పోశామా, అసలు ఉప్పే తగ్గిపోతుంది. పాపం, ఆ దెబ్బ పగడాలకే. కొలిచే ముందు తట్టి బుడగలు పోగొట్టాలి.

నీటిలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పు చూపే రిఫ్రాక్టోమీటర్‌కు రెండు చుక్కలు చాలు. ఖరీదైనా నా ఓటు దీనికే. అయితే ఆర్వో నీళ్లతో సున్నా చూసి ఊరుకోకండి. చాలావాటి స్కేలు వట్టి ఉప్పు (సోడియం క్లోరైడ్) కలిపిన నీటికి గీసినది, సముద్రపు నీటికి కాదు. అందుకే సముద్రపు నీటికి సరిపోయే 35 పీపీటీ ద్రావణంతో సరిచూడాలి.

ఏది వాడినా ఉప్పు పూర్తిగా కరిగాకే కొలవండి. తొట్టెకు నీళ్లు కలిపే 100 లీటర్ల డ్రమ్ములో 33 పీపీటీ చూపిస్తే 200 గ్రాముల పైచిలుకు ఉప్పు కలపాలి, అదీ డ్రమ్ములోనే. చేపలున్న తొట్టెలో ఎప్పుడూ వద్దు.