సెయింట్ ట్రినియన్స్: 1954దా, 2007దా? ఏది మేలు?

సెయింట్ ట్రినియన్స్ అనే కల్పిత స్కూలు పేరుతో బ్రిటిష్ సినిమాలు చాలానే ఉన్నాయి గానీ అసలు పోటీ రెండిటికే, 1954లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ ‘ది బెల్స్ ఆఫ్ సెయింట్ ట్రినియన్స్’కీ, 2007లో కలర్‌లో కొత్తగా తీసినదానికీ. సరుకు రెండిట్లో దాదాపు ఒకటే, అప్పుల్లో మునిగిన ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు, ఎవడికీ భయపడని పిల్లలు, హెడ్‌మిస్ట్రెస్‌గా ఒక మగ నటుడు, ఆవిడ బ్రదర్‌గా కూడా మళ్ళీ ఆయనే.

నా ఓటు పాతదానికే, కారణం అందులో హెడ్‌మిస్ట్రెస్ వేషం వేసిన ఆలిస్టర్ సిమ్. మన దగ్గర లేడీ గెటప్ అంటే గొంతు సన్నం చేసి నడుం తిప్పడమే కదా, ఈయన అలాంటివేం పెట్టుకోకుండా నిజంగానే మర్యాదస్తురాలైన పెద్దావిడలా ఉంటాడు, ఆ పెద్దావిడే సుల్తాన్ కూతురు తెచ్చుకున్న పాకెట్ మనీ వంద పౌండ్లు పట్టుకెళ్ళి గుర్రం మీద పందెం కాస్తుంది! బ్రదర్ డబ్బేమో ఇంకో గుర్రం మీద. ఇంక పెద్ద క్లాసు పిల్లలు హెడ్‌మిస్ట్రెస్ పందెం కాసిన గుర్రాన్ని ఎత్తుకురావడం, చిన్న క్లాసు వాళ్ళు లాక్కోవడం, హాస్టల్ గదిలో మంచాల మధ్య రేసు గుర్రం... కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలు జిన్ అనే మందు కాస్తుంటే దాన్ని బయట అమ్మిపెట్టేది ఫ్లాష్ హ్యారీ, పొదల్లోంచి ఊడిపడతాడు ఎప్పుడు చూసినా. ఆ వేషం వేసిన జార్జ్ కోల్ టీనేజిలోనే సిమ్ దంపతుల ఇంట్లో చేరి పెరిగినవాడు, అందుకేనేమో ఇద్దరికీ టైమింగ్ అంత బాగా కుదిరింది.

2007దాన్ని మరీ తీసిపారెయ్యలేం. హెడ్‌మిస్ట్రెస్‌గా రూపర్ట్ ఎవరెట్ బాగా చేశాడు, మంత్రిగా వచ్చే కాలిన్ ఫర్త్‌తో ఆవిడ పాత ప్రేమ వ్యవహారం నవ్విస్తుంది, ఆవిడ కుక్క పేరు మిస్టర్ డార్సీ (1995 బీబీసీ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సీరియల్‌లో ఫర్త్ వేసిన పాత్ర అదే, తెలియకపోతే జోకు పోయినట్టే). స్కూలు అప్పు తీర్చడానికి లండన్ నేషనల్ గ్యాలరీలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మ కొట్టేసే ప్లాన్ వరకూ స్పీడుగానే పోతుంది. కాకపోతే పిల్లల్ని ఈమోలు (నల్లబట్టల దిగులు బ్యాచ్), గీకులు (చదువు పిచ్చోళ్ళు), పోష్ అమ్మాయిలు అని గ్రూపులుగా విడగొట్టి మేకప్ వేసి నిలబెట్టారు, అల్లరి కంటే ఫ్యాషన్ షో ఎక్కువైంది.

పాతదాంట్లో ఆ మొరటుతనం ఊరికే రాలేదు. మూలం రొనాల్డ్ సెర్ల్ కార్టూన్లు, మొదటిది 1941లో అచ్చయింది, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన సింగపూర్‌లో జపాన్ వాళ్ళకి ఖైదీగా దొరికి బర్మా రైల్వే పనిలో నరకం చూసొచ్చాడు, తిరిగొచ్చి గీసిన పిల్లలు ముద్దుగా ఎందుకుంటారు చెప్పండి.

ఇంట్లో టీనేజి పిల్లలుండి బ్లాక్ అండ్ వైట్ అనగానే ఫోన్ తీసేవాళ్ళయితే 2007ది పెట్టండి, తప్పులేదు. మీకోసమైతే 1954దే, గంటన్నరలో అయిపోతుంది. అది నచ్చింది కదా అని వెంటనే 1957 నాటి రెండో భాగం మీద మాత్రం పడకండి, సిమ్ అందులో కాసేపే కనిపిస్తాడు.