హైదరాబాద్ - వైజాగ్ విమానం: టికెట్ మీద గంటా ఇరవై, ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు

అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇదివరకు వైజాగ్‌లో అక్క వాళ్లింటికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేది. పన్నెండు గంటల పైమాటే, అయినా రాత్రంతా పడుకునేది కాబట్టి తెలిసేది కాదు. ఇప్పుడు లోయర్ బెర్త్ దొరికినా కదిలే రైల్లో బాత్రూమ్‌దాకా నడవడమే గండం. 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది కానీ అందులో అన్నీ కూర్చునే సీట్లే. అంతసేపు కాళ్లు వేలాడేస్తే అమ్మకి పాదాలు వాచిపోతాయి. అందుకే పోయిన నెల విమానంలో తీసుకెళ్లాను.

పట్టాల మీద సికింద్రాబాద్ నుంచి 699 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున వెళ్లినా 600 దాటుతుంది. ఆకాశంలో సూటిగా పోతే సుమారు 510. మేం గాల్లో ఉన్నది గంటా ఐదు నిమిషాలే. మాది ఎయిర్‌బస్. ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ అయితే ఇంకో పావుగంటో, ఇరవై నిమిషాలో ఎక్కువ పడుతుంది. ఏ విమానమో బుక్ చేసేటప్పుడే చూపిస్తారు, చూసుకోండి.

కానీ మియాపూర్‌లో ఇల్లు తాళం వేసింది పొద్దున ఆరింటికి. 9:25 విమానం. అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్ గంటకి పైగా పట్టింది. వీల్‌చెయిర్ కోసం కౌంటర్ దగ్గర అరగంట. సీతమ్మధారలో అక్క గుమ్మం తొక్కేసరికి పన్నెండు.

అసలు చెప్పాల్సింది వీల్‌చెయిర్ సంగతి. ఫోన్‌లో అడిగితే "పెట్టేశాం సార్" అన్నారు. గేటు నుంచి బస్సులో తీసుకెళ్లి విమానం నిచ్చెన ముందు దింపారు. అక్కడ చూస్తే మా బుకింగ్‌లో వీల్‌చెయిర్ కోడ్ డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని ఉంది. అంటే దూరం నడవలేరు, మెట్లు ఎక్కగలరు అని. ఎక్కలేని వాళ్లకి డబ్ల్యూసీహెచ్‌ఎస్ అని ఉండాలట. ఫోన్‌లో ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు. వీల్‌చెయిర్‌ని విమానం తలుపు దాకా పైకెత్తే బండి, అంబులిఫ్ట్, రావాలంటే ఆలస్యమవుతుందన్నారు. అమ్మ "నేనెక్కుతాలేరా" అని కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. పైకి చేరేసరికి పెదవి కొరుక్కుంటోంది. నాకు చాలా కోపం వచ్చింది.

వీల్‌చెయిర్ తోసిన కుర్రాడి మీద మాత్రం ఒక్క మాట అనలేను. బస్సులో అమ్మ కాళ్ల దగ్గర ఎవరి బ్యాగూ తగలకుండా అడ్డంగా నిలబడ్డాడు. వైజాగ్‌లోనూ బయట కారు డోరు దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

ఇంత జరిగినా ఆవిడకి విమానమే నయం. మర్నాడు పొద్దున్నే లేచి అక్కతో సింహాచలం వెళ్లొచ్చింది. ఈ మోకాళ్లతో రైల్లో వచ్చి ఉంటే రెండ్రోజులు మంచం మీదే ఉండేది.

తిరుగు టికెట్ కూడా బుక్ చేసేశాను. ఈసారి "మెట్లు ఎక్కలేరు" అని చెప్పి, ఎస్ అక్షరం ఉందో లేదో వాళ్లచేత చదివించుకున్నాను.