పాత వైద్య గ్రంథాలు కొనేవాళ్ళ సామాన్ల పెట్టె: ఏళ్ళు వాడాక ఏవి నిలిచాయి

17, 18 శతాబ్దాల వైద్య, ప్రకృతిశాస్త్ర గ్రంథాలు సేకరించేవాళ్ళు కొనే సామాన్లు రెండు రకాలు. ఒకటి పుస్తకాన్ని పరీక్షించడానికి, రెండోది కాపాడుకోవడానికి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఏళ్ళ తరబడి రెండూ వాడాక తేలింది ఇది: పరీక్షకి చవక సామాను చాలు. కాపాడే సామాన్లలో చాలావరకు దండగ, కొన్నయితే హాని.

ముందు భూతద్దం. నగల పనివాళ్ళు వాడే 10 రెట్ల అద్దం. పెట్టెలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. ఈ పుస్తకాల విలువ పటాల్లో ఉంటుంది, చించుకుపోయేదీ, తర్వాత నకళ్ళు అతికించేదీ అవే. రాబర్ట్ హుక్ 'మైక్రోగ్రాఫియా' (1665)లో 38 పటాలుండాలి. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో వేయించిన పుస్తకంలో 46. కాటుక రేకుల పొడ లాంటి తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపించేది ఇందులోనే. లెక్క సరిపోయినా ఒక్కో పటాన్నీ అద్దం కింద చూడాల్సిందే. రాగి రేకు అచ్చులో గీత తెగకుండా సాగుతుంది, సిరా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆఫ్‌సెట్ నకలైతే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. చేత్తో వేసిన రంగు గీత దాటి పారుతుంది, అంచుల్లో చిక్కబడుతుంది. పటం చుట్టూ రేకు నొక్కిన పల్లం వేలికి తగలాలి. తగల్లేదని వెంటనే నకలని తేల్చేయొద్దు, బైండరు అంచులు కోసినప్పుడు అదీ పోతుంది. ఆకుపచ్చ ఉన్నచోట కాగితం తిప్పి చూడండి. రాగి చిలుముతో చేసిన పాత పచ్చ కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేసి వెనక్కి గోధుమరంగుగా దిగుతుంది. వెనకవైపు తెల్లగా ఉంటే రంగు ఈమధ్య వేశారేమోనని అనుమానించొచ్చు, అంతకు మించి కాదు.

బొమ్మలు గీసుకునే ఎల్‌ఈడీ ప్యాడ్‌కి రెండో స్థానం. చేతితో తీసిన కాగితంలో సుమారు 2.5 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున గీతలుంటాయి. వెలుతురు మీద పెడితే అవీ, నీటిగుర్తూ కనిపిస్తాయి. ఫోలియోలో (పెద్ద కాగితాన్ని ఒకసారి మడిచి కట్టిన పుస్తకం), ఆక్టావోలో (మూడుసార్లు మడిచింది) ఆ గీతలు నిలువుగా, క్వార్టోలో (రెండుసార్లు మడిచింది) అడ్డంగా ఉంటాయి. క్వార్టో మధ్యలో నిలువు గీతల కాగితం వచ్చిందంటే అది వేరే ప్రతి నుంచి తెచ్చి కలిపిందేమో చూడాలి. ప్యాడ్‌తో చిక్కేమిటంటే మందం. బిగుతు బైండింగులో మడత దాకా దూరదు, బలవంతంగా తోస్తే వెన్ను పగులుతుంది. అలాంటప్పుడు ఫోన్ తెర తెల్లగా వెలిగించి కాగితం కింద పెట్టడమే మేలు.

అతినీలలోహిత (యూవీ) టార్చి కొనేటప్పుడు 365 నానోమీటర్లదే తీసుకోండి. చవగ్గా దొరికే 395ది ఊదా వెలుగు చిమ్మి అసలు మెరుపుని కప్పేస్తుంది. ఇప్పటి కాగితం దీని కింద నీలితెలుపుగా మండిపోతుంది, పాత గుడ్డపేలికల కాగితం మసకగానే ఉంటుంది. చెరిపేసిన సిరా సంతకాలు నల్లగా తేలతాయి. గ్రంథాలయం ముద్ర గీకేసిన జాడ బయటపడితే ఆ పుస్తకం కొనకండి.

ఏ పరికరమూ చెయ్యలేని పని ఒకటుంది, పేజీలు సరిచూడడం. అప్పటి పేజీ అంకెల్ని నమ్మకూడదు, తప్పులు బోలెడు. ఫారం (కలిపి మడిచి కుట్టిన ఆకుల కట్ట) అడుగున ఉండే A, B, C గుర్తుల్ని వరసగా చూసుకుపోవాలి. ఆ వరసలో 23 అక్షరాలే: I, Jలలో ఒకటి, U, Vలలో ఒకటి ఉంటాయి, W ఉండదు. అవి లేవని కంగారుపడొద్దు. ప్రతి పేజీ అడుగున తర్వాతి పేజీ మొదటి మాట ఉంటుంది. అది కలవకపోతే అక్కడ ఆకు పోయిందేమో చూడాలి. లండన్‌లోని వైద్య చరిత్ర గ్రంథాలయం వెల్‌కమ్ కలెక్షన్ వాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ప్రతుల్లో మీ ముద్రణే దొరికితే పక్కన పెట్టుకోండి. ప్రసూతి, శరీర నిర్మాణం అధ్యాయాల దగ్గర మరీ నిదానంగా చూడాలి.

ఇక తేమ పీల్చే సిలికా జెల్. బీరువాలో నాలుగు పొట్లాలు పడేస్తే ఏమీ జరగదు. 10 కిలోల పుస్తకాల్ని 70 శాతం తేమ నుంచి 50కి తేవాలంటే కాగితంలోంచే సుమారు 200 గ్రాముల నీరు బయటికి రావాలి. జెల్ ఆ తేమ దగ్గర తన బరువులో పాతిక శాతమే పట్టుకుంటుంది. అంటే 800 గ్రాములు, అదీ గాలి చొరని రబ్బరు మూత డబ్బాలో. గాలాడే బీరువాలో ఎంత పోసినా చాలదు. ముందు ఏసీ గదిలో కొన్నాళ్ళు ఆరనిచ్చి, తర్వాత డబ్బాలో పెడితే 200 గ్రాములు సరిపోతాయి. పచ్చితోలు అట్టల పుస్తకాలకి 40 శాతం కంటే తగ్గనివ్వకండి, అట్ట వంకర తిరుగుతుంది. తేమ మీటరు చవకది చాలు గానీ సరిచూసుకోవాలి. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడి ఇసకలా చేసి, మీటరుతో పాటు జిప్ కవరులో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకోవడమో తీసెయ్యడమో చేసుకుంటే సరి.

కలరా ఉండలు వద్దు. వాటి ఆవిరి మనిషికి మంచిది కాదు, కాగితంలో తిష్ట వేసిన పురుగుని నమ్మకంగా చంపదు. రంధ్రాల దగ్గర కొత్త పొడి రాలుతుంటే పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు, విప్పితే నీరు పట్టేస్తుంది.

తోలు క్రీములు అసలు కొనొద్దు. నూనె దిగి మరకవుతుంది, తేమ ఊళ్ళో బూజు పడుతుంది. ఎర్రగా పొడి రాలే తోలుకి క్లూసెల్ జి (సెల్యులోజ్‌తో చేసే జిగురు పొడి) ఒక్కటే పనిచేసింది. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 2 గ్రాములు చల్లి రాత్రంతా నాననివ్వాలి, మెత్తని బ్రష్‌తో పల్చగా ఒక్క పూత వెయ్యాలి. తోలు కొంచెం నల్లబడుతుంది, కాబట్టి ముందు అట్ట మూలలో వేసి చూడండి. ఇది పొడి రాలడాన్ని ఆపుతుంది గానీ చివికిన తోలుకి బలం తెచ్చిపెట్టదు. అట్ట ఊడే స్థితిలో ఉంటే మధ్యలో నాడాతో కట్టి బైండరు చేతికివ్వండి.

తెల్ల నూలు గ్లవ్స్ కూడా అమ్ముతారు. అవి తొడిగితే వేలికి స్పర్శ తెలియదు, కాగితం అంచు చిరుగుతుంది. చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుంటే చాలు.