కాటలిస్ట్ 2960 స్విచ్‌పై ఐపీ ఫోన్లు: సత్తా ఉంది, డిఫాల్టులను నమ్మి వదిలేయకూడదు

ఐపీ ఫోన్ల కోసం సెకండ్‌హ్యాండ్‌లో సిస్కో కాటలిస్ట్ 2960 నెట్‌వర్క్ స్విచ్ కొనాలనుకునేవారు పోర్టుల సంఖ్య, వేగం కన్నా ముందు అది వాయిస్ ప్యాకెట్ల మార్కింగ్‌ను, అంటే వాటి ప్రాధాన్యాన్ని తెలిపే గుర్తును, ఏం చేస్తుందో తెలుసుకోవాలి. జీ.711 అనే వాయిస్ కోడెక్ వాడే కాల్‌లో సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లు వెళతాయి. ఐపీ హెడర్లతో కలిపి ఒక్కో దిశలో 80 కేబీపీఎస్ మాత్రమే అవుతుంది. కాబట్టి వాయిస్‌కు కావలసింది పెద్ద బ్యాండ్‌విడ్త్ కాదు, బ్యాకప్ ఫైళ్ల వెనుక వేచి ఉండకుండా ముందుకు సాగే వీలు. అందుకోసమే సిస్కో ఫోన్ వాయిస్ ప్యాకెట్‌కు ఐపీ హెడర్‌లో డీఎస్‌సీపీ 46ను, వీల్యాన్ ట్యాగ్‌లో సీఓఎస్ 5ను పెట్టి పంపుతుంది; ఈ రెండూ ప్రాధాన్యాన్ని చెప్పే అంకెలే.

ఈ స్విచ్‌లో క్యూఓఎస్ (ట్రాఫిక్‌కు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు) డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటుంది. అప్పుడు అది మార్కింగ్ జోలికి పోదు, వాయిస్‌కు ప్రాధాన్యమూ ఇవ్వదు. ‘ఎంఎల్ఎస్ క్యూఓఎస్’ కమాండ్ ఇచ్చాక మాత్రం ట్రస్ట్ ఇవ్వని, అంటే వచ్చిన మార్కింగ్‌ను నమ్మమని చెప్పని, ప్రతి పోర్టులోనూ వచ్చిన విలువలు సున్నాగా మారిపోతాయి. వాయిస్‌ను బాగు చేద్దామని క్యూఓఎస్ ఆన్ చేసి అక్కడితో ఆగితే, ఫోన్ పెట్టిన మార్కింగ్ కూడా పోతుందన్నమాట.

అంతకన్నా సూక్ష్మమైన చిక్కు పోర్టు సీఓఎస్ విలువను నమ్మే సీఓఎస్ ట్రస్ట్‌లో ఉంది. సీఓఎస్‌ను డీఎస్‌సీపీగా మార్చే డిఫాల్ట్ మ్యాప్ ప్రకారం సీఓఎస్ 5 డీఎస్‌సీపీ 40 అవుతుంది, 46 కాదు. రౌటర్ ప్రయారిటీ క్యూను (ముందుగా పంపే వరుసను) 46కే కేటాయించి ఉంటే, 40తో చేరిన వాయిస్ మామూలు ట్రాఫిక్‌లో కలిసిపోతుంది. స్విచ్, రౌటర్ రెండింటిలోనూ క్యూఓఎస్ ఆన్‌లోనే కనిపిస్తుంది కాబట్టి కారణం త్వరగా దొరకదు. పోర్టుల క్యూఓఎస్ గణాంకాలలో లోపలికి 46, అప్‌లింక్ (రౌటర్ వైపు వెళ్లే పోర్టు) నుంచి బయటికి 40 పెరుగుతుంటే సమస్య ఇదే. మ్యాప్‌లో ఆ ఒక్క విలువను 46గా సవరించాలి.

ప్రతి పోర్టుకూ బయటికి వెళ్లే క్యూలు నాలుగు. వాయిస్ వెళ్లే మొదటిదానికి డిఫాల్ట్ షేపింగ్ (వేగ పరిమితి) 25, అంటే పోర్టు వేగంలో 25వ వంతు; 100 ఎంబీపీఎస్ పోర్టులో 4 ఎంబీపీఎస్ పరిమితి. చిన్న ఆఫీసుకు అది సరిపోయినా, ఆ క్యూను మిగతావాటికన్నా ముందు ఖాళీ చేయించే ‘ప్రయారిటీ క్యూ అవుట్’ కమాండ్ ఇవ్వడమే సరైన పని.

నాకు ఎంతో నచ్చినది ఫోన్ ఆధారిత ట్రస్ట్. సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించే సీడీపీ ప్రోటోకాల్ ద్వారా సిస్కో ఫోన్‌ను గుర్తించినంత కాలమే పోర్టు మార్కింగ్‌ను నమ్ముతుంది. ఫోన్ తీసేసి ల్యాప్‌టాప్ పెడితే ఆ నమ్మకాన్ని ఉపసంహరించుకుంటుంది. ఆటో క్యూఓఎస్ కమాండ్ ఈ ట్రస్ట్‌నూ, మ్యాప్ సవరణనూ, క్యూలనూ ఒకేసారి అమర్చుతుంది కాబట్టి మొదట దానితోనే మొదలుపెట్టాలి. ఇతర కంపెనీల ఫోన్లకు ఈ గుర్తింపు వర్తించదు; అక్కడ డీఎస్‌సీపీ ట్రస్ట్‌ను నేరుగా ఇవ్వాలి.

కాన్ఫిగరేషన్ చూసుకునే మనిషి ఉన్న ఆఫీసుకు ఈ స్విచ్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. అలాంటి మనిషి లేనిచోట, వచ్చిన డీఎస్‌సీపీని డిఫాల్టుగానే నమ్మే కాటలిస్ట్ 9000 శ్రేణికి ఎక్కువ ఖర్చు పెట్టడం మేలు.