విజయవాడ పటమటలో అద్దె ఇల్లు చూపించిన బ్రోకర్ గురించి: 5కి 3 స్టార్లు

పేరు రాయను, ఇల్లయితే వారంలో దొరికింది. నాలుగు పోర్షన్లు చూపించాడు, అందులో రెండింటికి గాలీ వెలుతురూ లేవు, మూడోది నచ్చింది, అద్దె 14 వేలు, అతని కమీషన్ ఒక నెల అద్దె. అడ్వాన్స్ మాత్రం ఐదు నెలలది! 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలలకు మించొద్దని ఉందిగా అంటే, "అది నమూనానే కదండీ, రాష్ట్రం చట్టం చేస్తేనే వర్తిస్తుంది" అన్నాడు. విషయం తెలిసినవాడే.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారో కూడా ఓపిగ్గా చెప్పాడు, కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన అద్దెకే రిజిస్ట్రేషన్ తప్పనిసరట, ఏపీలో మాత్రం రాష్ట్ర సవరణ వల్ల అన్ని అద్దెలకీ తప్పదట. దానికో స్టార్ ఎక్కువే ఇచ్చాను.

అద్దెలు ప్రభుత్వమే కట్టడి చేస్తే బాగుండునని నేను గొణిగితే మా బాబాయి ముంబై సంగతి ఎత్తాడు. అక్కడ 1947 అద్దె నియంత్రణ చట్టంతో పాత ఇళ్ల అద్దెలు 1940 నాటి స్థాయిలో ఆగిపోయాయి, రిపేరుకు ఓనర్లు చేతులెత్తేశారు, కొత్తగా వచ్చేవాళ్లు పగిడీ (ఇల్లు దక్కడానికి అద్దె కాక విడిగా ఇచ్చే సొమ్ము) పేరుతో లక్షలు ముందే పోయాల్సి వచ్చింది. ఉన్నవాడికి లాభం, వెతుక్కునేవాడికి నష్టం. అలాగని ఇంటి లోనుపై కేంద్రం ఇచ్చే పీఎం ఆవాస్ వడ్డీ రాయితీ నాకేం పనికొచ్చింది? అది ఇల్లు కొనేవాళ్లకి, అద్దె కట్టేవాళ్లకి కాదు.

రెండు స్టార్లు తగ్గించింది మాత్రం వేరే విషయానికి: మున్సిపల్ నీళ్లు రోజూ వస్తాయన్నాడు, రోజు విడిచి రోజు వస్తున్నాయి.