గుర్రాల జడ్జింగ్ నేర్చుకోవడానికి ఏది మేలు: స్వారీ పాఠాలా, వీడియోలా, టీమా?

గుర్రాల పిచ్చి ఉన్న పిల్లలు డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలోనూ బాగానే ఎక్కువయ్యారు. మా అమ్మాయి 4-హెచ్ (అమెరికాలో పిల్లల క్లబ్బుల సంస్థ) జడ్జింగ్ టీమ్‌లో చేరి రెండేళ్లయింది. ఒక్కో క్లాసులో నాలుగు గుర్రాలను చూసి, మేలైనదాని నుంచి వరసలో పెట్టి, ఎందుకో చెప్పే పోటీ అది. అప్పటినుంచి ఎవరు కలిసినా అడిగేవి ఇవే: "మాకు గుర్రం లేదు కదా, ముందు స్వారీ నేర్పించాలా? ఇంట్లో వీడియోలు చూసి ప్రాక్టీసు చేస్తే సరిపోదా? టీమ్‌లోనే చేరాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే నయమనిపించింది.

స్వారీ సంగతి ముందు తేల్చేస్తాను. జడ్జింగ్‌కి గుర్రం ఉండక్కర్లేదు, ఎక్కడం కూడా రానక్కర్లేదు. ఎక్కినవాళ్లకి వెస్టర్న్ ప్లెజర్ అనే స్వారీ క్లాసులో జాగ్, లోప్ అనే నెమ్మది పరుగుల లయ తొందరగా పట్టుబడుతుందనేది నిజమే. కానీ స్వారీ పాఠానికి పెట్టే డబ్బు జడ్జింగ్ కోసమే అయితే వద్దు. స్వారీ మీద ఇష్టముంటే అది వేరే మాట.

అసలు తూకం వీడియోలకీ టీమ్‌కీ మధ్యే.

వీడియోలను తక్కువ చేయను. నాలుగు గుర్రాలు, చివర్లో అధికారిక ప్లేసింగ్ (జడ్జీలు పెట్టిన వరస), కట్స్ (పక్కపక్క గుర్రాల జత తారుమారైతే పోయే మార్కులు) అన్నీ అందులోనే ఉంటాయి. ముఖ్యంగా రైనింగ్‌కి, అంటే గుర్రం చెప్పిన వరసలో పరుగు, తిరుగుడు, ఆగడం లాంటి విన్యాసాలు చేసే క్లాసుకి, వీడియోని మించింది లేదు. ప్రతి గుర్రం 70తో మొదలవుతుంది, ఒక్కో మెనూవర్‌కి (విన్యాసానికి) మైనస్ ఒకటిన్నర నుంచి ప్లస్ ఒకటిన్నర దాకా అర పాయింటు చొప్పున వేస్తారు. స్పిన్‌లో (ఉన్నచోటే గిరగిరా తిరగడంలో) గుర్రం ఎనిమిదో వంతు తిరుగుడు ఎక్కువ తిరిగితే అర పాయింటు పోతుంది. ఇలాంటివి ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూస్తేనే కంటికి అలవాటవుతాయి. మా అమ్మాయి రైనింగ్ మొత్తం ఇంట్లో సోఫాలో కూర్చునే నేర్చుకుంది. టీమ్ ప్రాక్టీసులో అంత సమయం దానికి దొరకదు కూడా.

చిక్కంతా హాల్టర్ క్లాసులతో, అంటే స్వారీ లేకుండా గుర్రం ఒడ్డూపొడుగూ, నడకా చూసే క్లాసులతో. పోటీలో గుర్రాలను పక్కనుంచి, ముందునుంచి, వెనకనుంచి చూపిస్తారు, నడిపిస్తారు, ట్రాట్ చేయిస్తారు. ఓ పావుగంటలో అంతా అయిపోతుంది. మన దగ్గరికి నడిచి వచ్చేటప్పుడు ముందరికాళ్లు తిన్నగా పడుతున్నాయా, డెక్క లోపలికి తిరుగుతోందా అన్నది నేలమీద నిలబడి చూసినప్పుడు తెలిసినట్టు తెరమీద తెలియదు. కెమెరా ఎక్కడుంటే మన కన్నూ అక్కడే ఉంటుంది. అరీనాలో మాత్రం ఎక్కడ నిలబడాలో, దేన్ని ముందు చూడాలో పిల్లే నిర్ణయించుకోవాలి.

మా నాన్న సంతలో ఎడ్లు కొనేటప్పుడు బేరం మొదలుపెట్టే ముందు ఎద్దును నడిపించమనేవారు. వెనక నిలబడి ఓసారి, ఎదురుగా నిలబడి ఓసారి చూసేవారు. చిన్నప్పుడు నాకు విసుగొచ్చేది. ఇప్పుడు కోచ్ పిల్లలతో అదే చేయిస్తుంటే ఆ సంతే కళ్లముందు కనిపిస్తుంది.

అయితే నా లెక్కలో ఈ ఎంపికను తేల్చేది హాల్టర్ కూడా కాదు, రీజన్స్.

ప్లేసింగ్‌కి 50, రీజన్స్‌కి 50. క్లాసు అంతా సరిగ్గా పెట్టడానికి ఎన్ని మార్కులో, ఎందుకు అలా పెట్టావో జడ్జి ముందు నిలబడి రెండు నిమిషాల్లో చెప్పడానికీ అన్నే. పైగా ప్లేసింగ్‌లో తప్పు జరిగినా నష్టం కొంతవరకే. అధికారికంగా గుర్రాల వరస 3-1-4-2, కట్స్ 2-5-3 అనుకోండి. మొదటి జత తారుమారైతే 2 పోతాయి, మధ్య జత అయితే 5, చివరి జత అయితే 3. మొత్తం తలకిందులు పెట్టినా 15 మిగులుతాయి. రీజన్స్‌లో అలాంటి కాపుదల ఏమీ లేదు. చూసింది గుర్తులేకపోతే అక్కడితో మాట ఆగిపోతుంది.

మొదటి ఏడాది ఇంట్లో వీడియోలతో బాగా తయారైపోయాం అనుకున్నాం. ఓ ప్రాక్టీసులో నాలుగు క్వార్టర్ హార్స్ జాతి ఆడగుర్రాలు. మా అమ్మాయి ప్లేసింగ్ అచ్చంగా కుదిరింది, 50కి 50. రీజన్స్‌కి వెళ్లి బట్టీపట్టిన వరసలో అప్పజెప్పింది: "మూడు ఒకటికన్నా కండ పట్టి ఉంది, మరింత పొందికగా ఉంది, తిన్నగా నడిచింది." కోచ్ ఓపిగ్గా విని, "మూడోదానికి తెల్లమచ్చ ఏ కాలికుంది?" అని అడిగాడు. జవాబు లేదు. "ఒకటో గుర్రంలో నీకు నచ్చిందేమిటి?" దానికీ లేదు. 31 వచ్చింది.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నేను గుర్రాన్ని చూడలేదు, నంబరు చూశాను" అంది.

ఆ రెండో ప్రశ్నలోనే రీజన్స్ కీలకమంతా ఉంది. కింద పెట్టిన గుర్రంలోని మంచిని కూడా ఒప్పుకోవాలి. వాళ్లు దాన్ని గ్రాంట్ అంటారు. "నిజమే, ఒకటికి మెడ ఇంకా సన్నగా, అందంగా ఉంది, కానీ వెనక్కాళ్లు కొడవలిలా వంగి ఉన్నాయి, అందుకే రెండో స్థానంలో పెట్టాను" అని చెప్పాలి. ఈ ఒప్పుకోలు వీడియో ముందు ఒక్కతే కూర్చున్న పిల్లకి అలవడదు. ఎదురుగా ఒక మనిషి కళ్లలోకి చూస్తూ వినాలి, మధ్యలో తడబడితే ఆగాలి, అయ్యాక ప్రశ్న వేయాలి. టీమ్‌లో జరిగేది అదే. తనకన్నా పెద్ద పిల్లలు అదే క్లాసుకి తన ప్లేసింగ్‌కి విరుద్ధంగా రీజన్స్ చెబుతుంటే వినడం ఇంకో చదువు.

ఇప్పుడు నోట్స్‌లో మొదటి గీత రంగు, మచ్చలు: "3, సారెల్ (ఎర్రటి రంగు), ఎడమ వెనక్కాలికి తెల్ల సాక్". తర్వాత ఒక్కో జతకి రెండే మాటలు. చెప్పేటప్పుడు కాగితం చేతిలో ఉండదు కాబట్టి, వంతు వచ్చేలోపు గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని నాలుగు గుర్రాలనూ ఒక్కొక్కటిగా నడిపించుకుంటుంది. మొన్నామధ్య మధ్య జత తప్పుపెట్టి 45 తెచ్చుకుంది, రీజన్స్‌లో 43. మొత్తం 88. ప్లేసింగ్‌లో 50 వచ్చిన రోజు మొత్తం 81.

టీమ్‌కి ఇబ్బందులు లేవని కాదు. మాకు ప్రాక్టీసుకి వెళ్లడానికే నలభై నిమిషాలు పడుతుంది, పోటీలంటే శనివారం తెల్లవారుజామున లేవాలి. కోచ్‌లు చాలాచోట్ల స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు, ఒక్కో కౌంటీలో ఒక్కోలా ఉంటుంది. మేం చేరిన మొదటి క్లబ్‌లో నెలల తరబడి క్విజ్ తప్ప జడ్జింగే జరగలేదు, మారాల్సి వచ్చింది. పిల్లలు హైస్కూల్లో అగ్రికల్చర్ కోర్సులు తీసుకుంటుంటే ఎఫ్ఎఫ్ఏ (వ్యవసాయం చదివే విద్యార్థుల సంఘం) దారి ఉంది, అదీ మంచిదే. కొలంబస్‌లో అక్టోబరులో జరిగే క్వార్టర్ హార్స్ కాంగ్రెస్, నవంబరులో లూయివిల్‌లో జరిగే 4-హెచ్ రౌండప్ లాంటి పెద్ద పోటీల గురించి మొదటి ఏడాది ఆలోచించొద్దు.

నన్నడిగితే టీమ్‌లో చేర్పించండి. వీడియోలు రైనింగ్‌కీ, ప్రాక్టీసు లేని వారాలకీ ఉంచుకోండి. టెక్సాస్‌లో అయితే మీ కౌంటీ అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే 4-హెచ్ క్లబ్బుల వివరాలు చెబుతారు. క్లబ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఎన్ని ట్రోఫీలు వచ్చాయని అడగకండి. పిల్లల చేత నెలకి ఎన్నిసార్లు రీజన్స్ చెప్పిస్తారో, ఎదురుగా కూర్చుని వినేది ఎవరో అడగండి.